జంతువుకు శాస్త్రీయ నామం ఎలా ఖాయమవుతుంది? గుత్తి సాలీడు నుంచి జెర్రిపోతు దాకా ఒక సమగ్ర మార్గదర్శి

జంతువులకు పేర్లు మంజూరు చేసే ఆఫీసు ప్రపంచంలో ఎక్కడా లేదు. అర్జీ పెట్టుకుంటే కమిటీ కూర్చుని "ఇది కొత్త జాతే" అని ముద్ర వేస్తుందని చాలామంది అనుకుంటారు, డిగ్రీలో జంతుశాస్త్రం చదివినవాళ్లతో సహా. అసలు పద్ధతి మన పొలాల లెక్కలాంటిది. పొలం హద్దు ఎక్కడిదాకా అన్నది సర్వే తేలుస్తుంది. ఆ పొలానికి ఏ నంబరు చెల్లుతుందన్నది రికార్డు తేలుస్తుంది. జంతువుల్లో హద్దు తేల్చేది వర్గీకరణ. అది ఆధారాల మీద, పరిశోధకుల వాదన మీద నడుస్తుంది. పేరు తేల్చేది నామీకరణ. అది అంతర్జాతీయ జంతు నామీకరణ నియమావళి మీద నడుస్తుంది. ఇప్పుడు అమల్లో ఉన్నది దాని నాలుగో కూర్పు, 2000 జనవరి 1 నుంచి. ఏది జాతి, ఏది కాదు అన్న విషయంలో ఈ నియమావళి వేలు పెట్టదు. ఈ రెండు పనులూ కలగాపులగం అయినచోటే తప్పులు ఎక్కువ.

కర్నూలు, అనంతపురం, కడప గుట్టల్లో ఎవరికైనా పుస్తకాల్లో లేని బల్లో, సాలీడో కనబడితే అక్కడి నుంచి పేరు దాకా దారి ఎలా ఉంటుందో వరుసగా చూద్దాం. ఇందులో పేర్లను తెలుగు లిపిలో రాస్తున్నాం గానీ, నియమం ప్రకారం పేరు చెల్లాలంటే లాటిన్ అక్షరాల్లోనే ప్రచురించాలి.

ముందు పేరు చదవడం రావాలి

లంకమల అడవుల్లోని కలివికోడి అనే పిట్ట పూర్తి పేరు: రైనోప్టిలస్ బైటార్క్వేటస్ (బ్లైత్, 1848). మొదటి మాట ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు), రెండోది జాతి పదం. తర్వాతవి పేరు పెట్టిన మనిషి, పేరు అచ్చయిన ఏడు. పిట్టను సేకరించింది జెర్డన్. ఇంగ్లీషు వాడుక పేరులో ఆయనే ఉన్నాడు. కానీ కలకత్తాలో కూర్చుని వర్ణన రాసి అచ్చు వేయించింది బ్లైత్ కాబట్టి శాస్త్రీయ నామం పక్కన బ్లైత్ పేరే ఉంటుంది. పట్టినవాడిది కాదు, ప్రచురించినవాడిదే పేరు.

ఆ కుండలీకరణం అలంకారం కాదు. బ్లైత్ ఈ పిట్టను మాక్రోటార్సియస్ అనే ప్రజాతిలో పెట్టాడు, తర్వాతివాళ్లు రైనోప్టిలస్‌లోకి మార్చారు. ప్రజాతి మారితే మొదటి రచయిత పేరు కుండలీకరణంలోకి పోతుంది. రోళ్లపాడు మైదానాల కృష్ణజింక ఆంటిలోప్ సెర్వికాప్రా (లిన్నేయస్, 1758) కూడా అంతే. లిన్నేయస్ దాన్ని కాప్రాలో, అంటే మేకల ప్రజాతిలో పెట్టాడు. గుత్తి సాలీడు పీసిలోథీరియా మెటాలికా పోకాక్, 1899. దీనికి కుండలీకరణం లేదు, పోకాక్ పెట్టిన ప్రజాతిలోనే ఇప్పటికీ ఉంది. విద్యార్థుల రిపోర్టుల్లో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే: చూడ్డానికి బాగుంటుందని అన్ని పేర్లకూ కుండలీకరణం తగిలించడం.

నిజంగా కొత్తదేనా?

పనిలో సగం ఇక్కడే ఉంది. జంతువుల పేర్ల లెక్క 1758 జనవరి 1 నుంచి మొదలవుతుంది. లిన్నేయస్ రాసిన సిస్టెమా నాచురే పుస్తకం పదో కూర్పు ఆ రోజే వచ్చినట్టు నియమావళి లెక్కగట్టింది. సాలీళ్లకు మాత్రం ఒక చిన్న మినహాయింపు. 1757లో అచ్చయిన క్లెర్క్ పుస్తకాన్ని కూడా అదే తేదీకి చెందినదిగా భావించి, లిన్నేయస్ కంటే దానికే ముందు హక్కు ఇచ్చారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా మీ ప్రజాతిలో పెట్టిన ప్రతి పేరునూ, ఇవాళ చెల్లని పర్యాయనామాలతో (అదే జంతువుకు పడ్డ వేరే పేర్లతో) సహా, జాబితా రాసుకోవాలి. సాలీళ్లకు వరల్డ్ స్పైడర్ కేటలాగ్, పాములూ బల్లులకు రెప్టైల్ డేటాబేస్, చేపలకు ఎష్‌మేయర్ కేటలాగ్ ఉన్నాయి. పాత మూల వర్ణనలు (పేరు మొదటిసారి పెట్టిన రాతలు) చాలావరకు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతాయి. జాబితాలోని ప్రతి పేరుకూ మూల వర్ణన తెరిచి చదవాలి. తర్వాతివాళ్లు రాసిన సారాంశం చదివి సరిపెట్టుకుంటే ఒకరి పొరపాటును మనమూ మోస్తాం.

పాత ఊళ్ల పేర్ల దగ్గర జాగ్రత్త. అనంతపురం జిల్లా 1882లో బళ్లారి నుంచి విడిపోయింది. అంతకు ముందు రాతల్లో "బళ్లారి జిల్లా" అని ఉంటే అది ఇవాళ్టి గుత్తో, తాడిపత్రో కావచ్చు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మళ్లీ విడిపోయాక రోళ్లపాడు కర్నూలు నుంచి నంద్యాలకు వెళ్లింది. "కర్నూలు జిల్లాలో లేదు" అని రాసేముందు ఏ కర్నూలో చూసుకోవాలి.

మూల స్థలం, అంటే పేరు పెట్టిన నమూనా దొరికిన చోటు, కూడా అన్నిసార్లూ నిజం చెప్పదు. దీనికి గుత్తి సాలీడును మించిన పాఠం లేదు. నీలం రంగులో మెరిసే ఈ సాలీడు గుత్తి రైల్వే కలప యార్డులో దొరికింది, ఆ ఒక్క నమూనాతోనే 1899లో పేరు అచ్చయింది. ఆ తర్వాత వందేళ్లు ఎవరికీ కనపడలేదు. 2001లో అది నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో, గుత్తికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో బయటపడింది. కలప దుంగలతో పాటు రైలెక్కి గుత్తి చేరి ఉంటుందన్నది అందరూ ఒప్పుకునే వివరణ. గుత్తి చుట్టూ ఎంత వెతికినా దొరకనిది అందుకే.

కొత్తదనుకుని బోర్లాపడే మిగతా సందర్భాలు: పిల్ల జంతువును పెద్దదనుకోవడం. మగదీ ఆడదీ వేరుగా కనిపిస్తే రెండు జాతులనుకోవడం. ఏళ్ల తరబడి ఆల్కహాల్‌లో రంగు పోయిన నమూనాతో బతికున్న జంతువు రంగు పోల్చడం. సాలీళ్లలో పెద్దవైన వాటి జననాంగాలు చూడకుండా జాతి తేల్చలేం. పిల్ల సాలీడు ఎంత వింతగా ఉన్నా దానితో కొత్త పేరు పెట్టకపోవడం మంచిది.

అనుమతులు

ఇది దాటి ముందుకెళ్తే తర్వాత పత్రిక వెనక్కి పంపడమే కాదు, కేసు కూడా అవుతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972, సెక్షన్ 12 కింద పరిశోధన కోసం ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడి లిఖిత అనుమతి కావాలి. ఆ చట్టంలోని షెడ్యూల్ ఒకటి జాబితాలో ఉన్న జంతువైతే దానికి ముందే కేంద్రం సమ్మతి, మిగతావాటికి రాష్ట్ర ప్రభుత్వ సమ్మతి ఉండాలి. లంకమల, రోళ్లపాడు లాంటి అభయారణ్యంలో అడుగుపెట్టడానికి వేరే అనుమతి. జీవవైవిధ్య చట్టం, 2002, సెక్షన్ 39 ప్రకారం కొత్తగా కనుగొన్న జాతి నమూనాను గుర్తించిన భాండాగారంలో జమ చేసి తెలియజేయాలి. జంతువుల విషయంలో మొదట గుర్తొచ్చేది జువాలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. కోల్‌కతాలో కేంద్ర కార్యాలయం, హైదరాబాద్‌లో ఒక ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. విదేశీ సహ రచయిత ఉంటే జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి సంగతి కూడా ముందే చూసుకోవాలి. పత్రంలో అనుమతి నంబరు, తేదీ రాయాలి.

నమూనా, చీటీ

బల్లీ, కప్పా అయితే వరుస ఇదీ. బతికుండగానే పైనుంచి, కిందనుంచి, పక్కనుంచి ఫొటోలు తీయాలి, రంగులు రాసుకోవాలి. ఆమోదించిన పద్ధతిలో నొప్పి లేకుండా ప్రాణం తీశాక, ఫార్మలిన్ తగలకముందే కాలేయం లేదా తొడ కండ నుంచి బియ్యపు గింజంత ముక్క తీసి 95 శాతం పైబడిన ఇథనాల్‌లో వేయాలి. ఫార్మలిన్ డీఎన్ఏను పాడు చేస్తుంది, తర్వాత ఎంత కడిగినా ప్రయోజనం ఉండదు. ముక్క పరిమాణానికి పది రెట్లు ఇథనాల్ ఉండాలి, మర్నాడు దాన్ని మార్చాలి. లేకపోతే కండలోని నీరు ఆల్కహాల్‌ను పలచన చేస్తుంది. మే నెల ఎండలో సీసాను జీపు డాష్‌బోర్డు మీద పెట్టడం కంటే ముక్క తీయకపోవడమే మేలు. ఐస్ పెట్టె తప్పనిసరి.

ఆ తర్వాత శరీరాన్ని 10 శాతం ఫార్మలిన్‌లో పెట్టాలి. అంగట్లో దొరికే 37 నుంచి 40 శాతం ఫార్మాల్డిహైడ్ ద్రావణం ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు. పెద్ద బల్లి అయితే పొట్టలోకి కూడా ఇంజెక్షన్ చేయాలి. పైన గట్టిపడి లోపల కుళ్లిపోయిన నమూనాలు మ్యూజియాల్లో బోలెడు. వేళ్లు, తోక సరిగా సర్ది పెట్టాలి, గట్టిపడ్డాక మళ్లీ తిప్పలేం. ఒకటి రెండు రోజుల నుంచి పరిమాణాన్ని బట్టి వారం దాకా ఉంచి, నీళ్లలో కడిగి, 70 శాతం ఇథనాల్‌లోకి మార్చాలి. సాలీళ్లకు ఫార్మలిన్ వద్దు, నేరుగా 75 నుంచి 80 శాతం ఇథనాల్.

చీటీ సీసా లోపల ఉండాలి. పెన్సిల్ లేదా ఇండియన్ ఇంకుతో రాయాలి. బాల్‌పెన్ రాత ఆల్కహాల్‌లో కరిగి సీసా రంగు మారుతుంది, సమాచారం పోతుంది. ఊరు, మండలం, సేకరించిన రోజుకు ఉన్న జిల్లా పేరు, జీపీఎస్ అక్షాంశ రేఖాంశాలు నాలుగు దశాంశాల దాకా (సుమారు 11 మీటర్ల కచ్చితత్వం), ఎత్తు, తేదీ, చోటు స్వభావం, సేకరించినవారి పేరు. తేదీలో నెలను అంకెతో రాయొద్దు. 4-5 అంటే ఏప్రిలో, మేనో యాభై ఏళ్ల తర్వాత ఎవరూ చెప్పలేరు. జిల్లా పేరు ఎన్నిసార్లయినా మారుతుంది, అక్షాంశం మారదు.

ప్రచురణలో మాత్రం ఆ కచ్చితత్వం ప్రతిసారీ మంచిది కాదు. గుత్తి సాలీడుకు విదేశీ పెంపకందారుల్లో గిరాకీ ఉంది. అలాంటి జంతువుకు పూర్తి నంబర్లు మ్యూజియం రిజిస్టరులో ఉంచి, పత్రంలో ఒక దశాంశానికి కుదించి ఇవ్వడం ఇప్పుడు చాలామంది పాటిస్తున్నారు. పరిశోధనకు కొంత ఇబ్బందే, కానీ దొంగ దారి చూపించడం కంటే నయం.

హద్దు తేల్చడం

ఇక్కడ నియమావళి మాట చెల్లదు. జాతి అంటే ఏమిటన్న దానిమీదే రకరకాల నిర్వచనాలున్నాయి. ఆచరణలో ఒకదానికొకటి సంబంధం లేని రెండు మూడు ఆధారాలు ఒకే గీత గీస్తే ఆ హద్దు నిలుస్తుంది. శరీర కొలతలు (బల్లికి మూతి నుంచి గుదరంధ్రం దాకా, డిజిటల్ వెర్నియర్‌తో 0.1 మిల్లీమీటరు దాకా), పొలుసుల లెక్కలు, తొడ రంధ్రాల సంఖ్య ఒక ఆధారం. కప్పలకూ పక్షులకూ కూత మరొకటి. డీఎన్ఏ ఇంకొకటి.

డీఎన్ఏ బార్‌కోడుగా, అంటే జాతిని గుర్తుపట్టే ముక్కగా, ఎక్కువగా వాడేది సీఓఐ అనే జన్యువులో సుమారు 650 అక్షరాల ముక్క. "రెండు శాతం తేడా వస్తే కొత్త జాతి" అన్న మాట ల్యాబుల్లో నలుగుతూ ఉంటుంది. అది నియమం కాదు. కొన్ని గుంపుల్లో ఒకే జాతిలో అంతకంటే తేడా ఉంటుంది, కొన్నిట్లో స్పష్టంగా వేరైన జాతుల మధ్య అంత కూడా ఉండదు. పైగా ఈ జన్యువు తల్లి వైపు నుంచే వస్తుంది. దాని మీద ఒక్కదాని మీదే పేరు నిలబెట్టడం ఒంటికాలి మంచమే.

పక్షుల్లో బర్డ్‌లైఫ్ అనే సంరక్షణ సంస్థ జాబితా వాడిన మార్కుల పద్ధతి ఆసక్తికరం. రంగు, కొలత, కూత లాంటి తేడాలకు చిన్నదైతే 1, మధ్యస్థానికి 2, పెద్దదానికి 3, అసాధారణానికి 4 మార్కులు. మొత్తం 7 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే జాతి. కళ్లకు కనిపించే లెక్క కాబట్టి వాదన తగ్గుతుంది. అయితే ఆ ఏడు అనే గీతను మనుషులే గీశారు, ప్రకృతి గీయలేదు.

దేవాంగపిల్లి కథ ఇలాంటిదే. శ్రీలంక ఎర్ర దేవాంగపిల్లితో కలిపి దీన్ని చాలాకాలం ఒకే జాతిగా, అందులో ఒక ఉపజాతిగా (జాతిలోపలి రకంగా) చూశారు. తర్వాత వేరు చేసి జాతి హోదా ఇచ్చారు. కొత్త పేరు పెట్టలేదు. కాబ్రెరా 1908లో పెట్టిన లిడెకేరియానస్ అన్న పదమే జాతి పేరుగా లేచింది, రచయితా ఏడూ మారలేదు. జాతి, ఉపజాతి స్థాయిలకు పేరు ఒకటే అన్నది నియమం. విడదీసిన ప్రతిసారీ కొత్త పేరు కావాలనుకోవడం పొరపాటు. పాత పేర్లలో ఏదైనా ఆ ముక్కకు వర్తిస్తుందేమో చూశాకే కొత్తది.

ఏ ముక్కకు ఏ పేరు అన్నది తేల్చేది హోలోటైప్, అంటే పేరును మోసే ఒకే ఒక్క నమూనా. సర్వే రాయి లాంటిది. పొలాన్ని రెండుగా చీలిస్తే రాయి ఏ వైపు పడితే పాత నంబరు ఆ వైపుదే. జాతి వర్ణన తప్పని తేలినా, మూల స్థలం అనుమానమైనా, రాయి ఉన్నంతవరకు పేరుకు నిలకడ ఉంటుంది. హోలోటైప్‌గా గాయాలు లేని, పెద్దదైన జంతువును ఎంచాలి. మిగతా నమూనాలను పారాటైపులు అంటారు. అవి తేడాలు చూపడానికి పనికొస్తాయి గానీ పేరును మోయవు.

పేరు అల్లడం

జాతి పదం విశేషణమైతే ప్రజాతి లింగానికి తగ్గట్టు తోక మారాలి: పుంలింగానికి అస్, స్త్రీలింగానికి ఆ, నపుంసకానికి అమ్. మన జెర్రిపోతు దీనికి బలైంది. లిన్నేయస్ 1758లో కోలుబర్ మ్యూకోసస్ అన్నాడు. టయాస్ ప్రజాతిలోకి మారాక కూడా చాలాకాలం మ్యూకోసస్ అనే రాశారు. టయాస్ స్త్రీలింగమని వ్యాకరణం చూపించాక ఇప్పుడు టయాస్ మ్యూకోసా. ఈ తలనొప్పి వద్దంటే పదం నామవాచకమని పత్రంలోనే రాయండి. "నల్లమల" అని నామవాచకంగా పెడితే ప్రజాతి ఎటు మారినా తోక మారదు. ఊరి పేరుకు ఎన్సిస్ చేరిస్తే పుంలింగ స్త్రీలింగాలకు అదే, నపుంసకానికి ఎన్సే అవుతుంది.

మనిషి గౌరవార్థమైతే మగవారికి ఐ, ఆడవారికి ఏ, మగవారితో కూడిన గుంపుకు ఓరమ్, ఆడవారి గుంపుకు ఆరమ్. తన పేరే పెట్టుకోవద్దని నియమావళిలో ఎక్కడా లేదు. సాధారణంగా ఎవరూ పెట్టుకోరు, అంతే. అంకె, అక్షరాల మీద గుర్తులు పనికిరావు, హైఫన్ కూడా దాదాపు అంతే. ఒకసారి అచ్చయిన వర్ణక్రమం, ముద్రణ దోషమని ఆ పత్రంలోనే రుజువైతే తప్ప, అలాగే ఉంటుంది. రక్తపింజర డబోయా రసెలియై పాట్రిక్ రస్సెల్ పేరు మీద వచ్చింది. ఆయన ఇంటిపేరు చివర రెండు ఎల్‌లు, 1797లో అచ్చయిన పేరులో ఒకటే. నేటికీ ఒకటే రాయాలి.

విశాఖపట్నంలో పనిచేసిన ఆ రస్సెల్ తన 1796 పుస్తకంలో పాములకు మనవాళ్లు పిలిచే తెలుగు పేర్లే రాశాడు. అవి ద్వినామాలు (ప్రజాతి, జాతి రెండు మాటల పేర్లు) కావు కాబట్టి శాస్త్రీయంగా చెల్లలేదు, రక్తపింజర పేరు ఏడాది తర్వాత షా, నోడర్‌లకు దక్కింది. అయినా తెలుగు ఒకచోట మిగిలింది. కట్లపాముల ప్రజాతి బంగారస్‌లో ఉన్నది మన "బంగారం" మాటే.

ప్రజాతి పేరు మొత్తం జంతు ప్రపంచంలో ఒక్కటే ఉండాలి. శేషాచలం బంగారు బల్లికి బెడ్డోమ్ 1870లో కాలోడాక్టిలస్ అని పెట్టాడు. అది అప్పటికే వేరే జంతువుకు ఉంది. తర్వాత స్ట్రాండ్ కాలోడాక్టిలోడెస్ అని మార్చాల్సి వచ్చింది. జాతి పదానికి ఆ ఇబ్బంది లేదు. ప్రజాతి వేరైతే ఒకే పదం ఎన్నిసార్లయినా రావచ్చు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ నుంచి 2020లో రెండు బల్లులకు ఒకే పత్రంలో పేర్లు వచ్చాయి, ఒకటి నెమాస్పిస్ రిషివాలియెన్సిస్, ఇంకొకటి హెమిడాక్టిలస్ రిషివాలియెన్సిస్. ఇది నియమబద్ధమే.

ప్రచురణ: పేరు పుట్టే క్షణం

1999 తర్వాత పత్రంలో ఇవన్నీ ఉండాలి: ఇది కొత్త జాతి అని స్పష్టంగా చెప్పడం, ఇతర జాతుల నుంచి వేరు చేసే లక్షణాల వర్ణన, హోలోటైప్ ఏదో పేర్కొనడం, దాన్ని ఏ సంస్థలో ఉంచారో లేదా ఉంచబోతున్నారో చెప్పడం. ఒక్కటి తగ్గినా ఆ పేరు పుట్టనట్టే. వర్ణన లేకుండా అచ్చయిన పేరును నగ్న నామం అంటారు. తర్వాత వేరొకరు అదే పేరును సరైన వర్ణనతో వేసుకుంటే హక్కు వారిదే.

ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే పత్రమైతే ముందే జూబ్యాంక్ అనే జంతువుల పేర్ల ఆన్‌లైన్ రిజిస్టరులో నమోదు చేసి, ఆ ఆధారాన్ని పత్రంలోనే చూపాలి. ఈ నిబంధన 2012 నుంచి ఉంది. పేరున్న పత్రికల్లో కూడా ఇది మరిచిపోయిన సందర్భాలున్నాయి. ఆ పీడీఎఫ్‌లోని పేరు అచ్చు ప్రతి వచ్చేదాకా చెల్లదు. సదస్సులో పంచిన సారాంశం లెక్కలోకి రాదు, లైబ్రరీ అల్మారాలో ఉండిపోయే థీసిస్ కూడా అంతే. పత్రం అచ్చయ్యేదాకా విలేకరులకు పేరు చెప్పొద్దు.

నిపుణుల సమీక్ష చేయించాలని నియమావళి అడగదు! చెత్త పత్రంలోని పేరైనా పైన చెప్పినవి ఉంటే చెల్లుతుంది. సొంత పత్రిక పెట్టుకుని ఇతరుల పరిశోధన మీద పేర్లు వేసేవాళ్ల వల్ల సరీసృపాల రంగంలో తగాదాలు నడుస్తున్నాయి. ఇది నియమావళిలోని పెద్ద లోపం.

తర్వాత తగాదాలు

ఒకే జంతువుకు రెండు పేర్లుంటే ముందు పుట్టినదే చెల్లుతుంది. దీనికీ ఒక వెసులుబాటు ఉంది. పాత పేరును 1899 తర్వాత ఎవరూ చెల్లే పేరుగా వాడకుండా, కొత్త పేరును గత 50 ఏళ్లలో కనీసం 10 మంది రచయితలు 25 రచనల్లో, పదేళ్లకు తగ్గని వ్యవధిలో వాడి ఉంటే, అలవాటైన కొత్త పేరే నిలుస్తుంది. ఇవేవీ కుదరని చిక్కుల్లోనే అంతర్జాతీయ జంతు నామీకరణ కమిషన్ తీర్పు ఇస్తుంది. మొదట్లో చెప్పిన కమిటీకి ఉన్న పని అంతే.

నియమావళి అధికారం ఉపజాతి నుంచి అధికుటుంబం (కుటుంబం పై మెట్టు) దాకా మాత్రమే. కుటుంబం పేరు ఇడే అని, ఉపకుటుంబం ఇనే అని ముగియాలి. క్రమం, విభాగం, వర్గం స్థాయిల్లో పేర్లకు ఈ చట్టం లేదు, పరిశోధకుల వాడుకే దారి. అందుకే రెండు పాఠ్యపుస్తకాల్లో పై స్థాయి వర్గీకరణ రెండు రకాలుగా ఉంటే ఒకటి తప్పని కంగారు పడక్కర్లేదు. పక్షుల జాబితాలు కూడా ఏళ్లుగా ఒకదానితో ఒకటి పొసగలేదు. వాటిని ఒక దారికి తెచ్చే ఉమ్మడి జాబితా అవిలిస్ట్ 2025లో వచ్చింది. మీ రిపోర్టులో ఏ జాబితా, ఏ కూర్పు వాడారో ఒక వాక్యం రాస్తే చాలు.

పాత రికార్డులు వెతికేటప్పుడు ప్రజాతితో వెతకొద్దు. రోళ్లపాడు బట్టమేక పక్షి 1831లో ఓటిస్, తర్వాతి పుస్తకాల్లో కోరియోటిస్, ఇప్పుడు ఆర్డియోటిస్. నైగ్రిసెప్స్ అన్న జాతి పదం మాత్రం అప్పటి నుంచీ అదే. జాతి పదంతో వెతకండి. అది విశేషణమైతే మూడు తోకలతోనూ వెతకండి: మ్యూకోసా, మ్యూకోసస్, మ్యూకోసమ్.